నీరు, ఎముక, ప్రజ్ఞ: పశ్చిమ నెల్లూరు నేపథ్యంలో మనోవైజ్ఞానిక పరీక్షల చరిత్ర

వ్యాససంగ్రహం:
నెల్లూరు జిల్లా పశ్చిమభాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు మెట్టప్రాంతాల ఆరోగ్యచరిత్రలో ఫ్లోరైడు సమస్యకు ప్రధానస్థానం ఉంది. ఆధునిక వైద్యం ఈ ప్రాంతంలో మొదట నీటిని, తరువాత పంటిని, ఎముకను కొలిచింది. మనిషి ప్రజ్ఞను, జ్ఞాపకాన్ని, ధ్యాసను కొలిచే సాధనాలు చాలా ఆలస్యంగా, వేరే దారిలో వచ్చాయి. ఆ సాధనాలు ఎక్కడ పుట్టాయి, ఏ భాషల మీదుగా ప్రయాణించాయి, నేడు ఈ ప్రాంతపు కుటుంబం పరీక్ష గదిలో ఏమి ఎదుర్కొంటుంది, ఆ గదిలో తేలిన అంకె ఎంతవరకు నమ్మదగినది అనే అంశాలను ఈ వ్యాసం చారిత్రకదృష్టితో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉదయగిరి, ఆత్మకూరు, ఫ్లోరోసిస్, ప్రజ్ఞాలబ్ధి, నాడీమనోవిజ్ఞానం, ప్రతిమానాలు, సదరం, వైకల్య ధ్రువీకరణ.

1. ఉపోద్ఘాతం:
నెల్లూరు జిల్లా అనగానే పెన్నా డెల్టా వరిమాగాణి, సముద్రతీరం గుర్తుకు వస్తాయి. జిల్లాకు పడమట వెలిగొండల పాదాల వెంట ఉన్న ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, మర్రిపాడు మండలాల స్వరూపం దీనికి భిన్నమైనది. వానకు ఎదురుచూసే మెట్టచేలు, చెరువులు, బావులు, ఇటీవలి దశాబ్దాలలో లోతుకు దిగిన బోర్లు ఇక్కడి జీవనాధారం. అనంతసాగరం మండలంలో పెన్నపై సోమశిల జలాశయం ఉన్నా మెట్టగ్రామాలు తాగునీటికి ఎక్కువగా భూగర్భజలాన్నే నమ్ముకున్నాయి.

చరిత్రకారుల దృష్టి సహజంగానే 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి దుర్గం మీద నిలిచింది. ఆ దుర్గం నీడలో బతికిన సామాన్యుల దేహచరిత్ర, మనశ్చరిత్ర కూడా చరిత్రలో భాగమే. ఒక సమాజంలో ఎవరిని తెలివైనవారిగా, ఎవరిని మందబుద్ధులుగా లెక్కించారు, ఆ లెక్క కట్టే అధికారం ఎవరి చేతిలో ఉంది, దానివల్ల ఎవరికి ఏమి దక్కింది, ఏమి పోయింది అనే ప్రశ్నలు భూమిశిస్తు లెక్కలంత ముఖ్యమైనవి. మనోవైజ్ఞానిక పరీక్షల చరిత్రను పశ్చిమ నెల్లూరు నుంచి చూడవలసిన అవసరం ఇక్కడే ఏర్పడుతున్నది.

2. జనాభా లెక్కల నుంచి చట్టం దాకా:
ఈ ప్రాంతంలో మనసును ‘లెక్కించిన’ తొలి ప్రభుత్వసాధనం జనాభా గణన. 1881 నుంచి 1931 వరకు జరిగిన గణనలలో మతిస్థిమితం లేనివారు, చెవిటి-మూగవారు, అంధులు, కుష్ఠురోగులు అనే నాలుగు వర్గాలను ప్రత్యేకంగా నమోదు చేశారు. గణకుడు వైద్యుడు కాడు. ఇంటిపెద్ద చెప్పినదే నమోదుకు ఆధారం. పుట్టుకతో బుద్ధివికాసం కొరవడిన బిడ్డ, మధ్యవయసులో మనోవ్యాధికి గురైన మనిషి ఒకే గడిలో పడే అవకాశం అక్కడ ఎప్పుడూ ఉండేది. పరువుకు భయపడి దాచిన కుటుంబాల సభ్యులు ఏ గడిలోనూ పడలేదు.

చట్టం కూడా అదే గందరగోళాన్ని కొనసాగించింది. 1912 నాటి భారత లూనసీ చట్టం బుద్ధిమాంద్యం గలవారిని, మతిస్థిమితం లేనివారిని ఒకే నిర్వచనం కిందికి తెచ్చింది. 1987 మానసిక ఆరోగ్య చట్టం బుద్ధిమాంద్యాన్ని మనోవ్యాధి నిర్వచనం నుంచి మినహాయించింది. 1995 వికలాంగుల చట్టం ఈ రెండింటినీ వేర్వేరు వైకల్యాలుగా పేర్కొన్నది. 2016 చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచి బుద్ధిపరమైన వైకల్యం, ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం వంటివాటికి స్థానం కల్పించింది. జనాభా గణనలో కూడా 2001లో ఒకటిగా ఉన్న మానసిక వైకల్యపు గడి 2011 నాటికి రెండుగా విడిపోయింది.

ఈ క్రమంలో ఒక ముఖ్యమైన పరిణామం కనిపిస్తుంది. వర్గాలు విడివడే కొద్దీ వాటిని వేరుచేసి చూపే సాధనం అవసరమైంది. ఇంటిపెద్ద మాట, ఊరి అభిప్రాయం చాలని చోట పరీక్ష ప్రవేశించింది. గణకుడి పుస్తకంలో ఒక గుర్తుగా ఉన్న మనిషి పరీక్ష కాగితం మీద ఒక అంకెగా మారాడు.

3. నీటిని, ఎముకను కొలిచిన కాలం:
ఇదే కాలంలో నెల్లూరు జిల్లా మరొక రకమైన కొలతకు ప్రసిద్ధి పొందింది. 1937లో హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలోని స్థానిక ఫ్లోరోసిస్‌ను గురించి ప్రకటించిన పరిశోధన భారతదేశంలో మనుషులలో ఎముకల ఫ్లోరోసిస్‌ను వర్ణించిన తొలి రచనలలో ప్రధానమైనది. అదే సంవత్సరం షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి కలిసి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్‌పైనే ప్రత్యేకంగా వ్రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనివే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అందులో చేరాయి. కనిగిరికి దక్షిణాన ఆనుకొని ఉన్న ఉదయగిరి మాత్రం నెల్లూరులోనే మిగిలింది. జిల్లా సరిహద్దు మారినంత మాత్రాన రాతిపొరల స్వభావం మారదు. ఫ్లోరైడుగల ఖనిజాలున్న రాళ్ళ మధ్య ఎక్కువకాలం నిలిచిన నీరు ఆ ధాతువును తనలో కరిగించుకుంటుంది. వర్షం తక్కువ, ఆవిరి ఎక్కువ అయిన చోట దాని గాఢత పెరుగుతుంది.

ఫ్లోరోసిస్ అధ్యయనం క్రమంగా దేహం లోపలికి సాగింది. మొదట కనిపించేది పిల్లల పళ్ళమీద గార, మచ్చలు. తరువాత పెద్దలలో మెడ, నడుము బిగుసుకుపోవడం. ఎక్స్‌రేలో ఎముక చిక్కబడి కనిపించడం దీనికి సాక్ష్యం. 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించాడు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతాలలో మోకాళ్ళు లోపలికి వంగే వైకల్యాన్ని గుర్తించారు. పెరిగిన ఎముక వెన్నుపామును, నాడీమూలాలను నొక్కి కాళ్ళూచేతులూ చచ్చుబడేలా చేసే స్థితిని హైదరాబాదు నాడీశస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి విస్తృతంగా అధ్యయనం చేశాడు.

ఈ పరిశోధనలన్నిటికీ ఒక సౌలభ్యం ఉంది. నీటిలోని ఫ్లోరైడును లీటరుకు మిల్లీగ్రాములలో చెప్పవచ్చు. భారతీయ ప్రమాణం 1.0ని వాంఛనీయ పరిమితిగా, వేరే నీటివనరు లేనప్పుడు 1.5ని గరిష్ఠ పరిమితిగా నిర్ణయించింది. ఉదయగిరిలో తీసిన నీటినమూనా, లండన్‌లో తీసిన నీటినమూనా ఒకే కొలబద్దకు లోబడతాయి. నీటికి మాతృభాష లేదు, బడిచదువు లేదు. ప్రజ్ఞను కొలిచే సాధనానికి ఈ సౌలభ్యం లేదు. దాని చరిత్ర అంతా ఆ లోటును పూడ్చుకునే ప్రయత్నమే.

4. పారిస్ నుంచి నాగపూర్ దాకా:
1904లో ఫ్రెంచి ప్రభుత్వం ప్రత్యేకబోధన అవసరమైన పిల్లలను గుర్తించే విధానం కోసం ఒక సంఘాన్ని నియమించింది. ఆ నేపథ్యంలో 1905లో ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సైమన్ తొలి ప్రజ్ఞామాపనిని రూపొందించారు. బినే దృష్టిలో అది సహాయం కావలసిన బిడ్డను గుర్తించే సాధనం. పుట్టుకతో వచ్చి మారకుండా నిలిచే శక్తిని అది తూచుతుందని ఆయన భావించలేదు. 1912లో విలియం స్టెర్న్ మానసిక వయస్సును కాలిక వయస్సుతో భాగించే పద్ధతిని ప్రతిపాదించాడు. 1916లో లూయిస్ టెర్మన్ స్టాన్‌ఫర్డ్-బినే మాపనితో ప్రజ్ఞాలబ్ధిని లోకవ్యవహారంలోకి తెచ్చాడు. న్యూజెర్సీలోని వైన్‌లాండ్ శిక్షణాలయంలో పనిచేసిన హెన్రీ గొడార్డ్ బినే పరీక్షను ఇంగ్లీషులోకి తెచ్చి, అమెరికాకు వలస వచ్చిన వారిమీద ప్రయోగించాడు. ఆ భాష, ఆ లోకం తెలియనివారిలో పెద్దభాగాన్ని బుద్ధిహీనులుగా నిర్ధారించడం ఈ శాస్త్రచరిత్రలో ఒక మచ్చగా మిగిలింది.

మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం చదువు వచ్చినవారికి ఆల్ఫా పరీక్షను, రానివారికి బొమ్మలతో కూడిన బీటా పరీక్షను వాడింది. అక్షరం లేకుండా ప్రజ్ఞను కొలవవచ్చుననే ఆశకు అది పునాది. ఆ ఆశ భారతదేశానికీ చేరింది. 1929లో సి.హెచ్. రైస్ హిందుస్థానీ బినే మాపనిని ప్రచురించాడు. వి.వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లల కోసం బినే పరీక్షను అనుసరించి, 1940లో దాన్ని గ్రంథరూపంలో తెచ్చాడు. 1955లో సి.ఎం. భాటియా ఉత్తరప్రదేశ్ పిల్లలపై ఐదు నిష్పాదన పరీక్షల మాలను ప్రామాణీకరించాడు. చదువు లేని పిల్లలను కూడా లెక్కలోకి తీసుకోవడం ఆయన పనిలోని విశేషం. నాగపూర్‌లో ఎ.జె. మాలిన్ వెష్లర్ పిల్లల పరీక్షను, వైన్‌లాండ్‌లో ఎడ్గర్ డాల్ రూపొందించిన సామాజిక పరిణతి మాపనిని భారతీయ పరిస్థితులకు మలిచాడు.

బినే-కామత్, భాటియా, మాలిన్ పరీక్షలు నేటికీ తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులలో వాడుకలో ఉన్నాయి. అయితే ఈ మూడూ తెలుగు నేలకు వెలుపల పుట్టినవే. ధార్వాడ, ఉత్తరప్రదేశ్, నాగపూర్‌ల మీదుగా వచ్చిన కొలబద్దతో ఉదయగిరి బిడ్డను కొలుస్తున్నామనే ఎరుక పరీక్షకునికి అవసరం.

నాడీమనోవైజ్ఞానిక పరీక్షల దారి కొంత వేరు. యుద్ధాలలో తలకు గాయమైన సైనికుల చికిత్స నుంచి ఆ శాస్త్రం బలపడింది. సోవియట్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా అంతిమాంకె కన్నా, రోగి ఏ దశలో తడబడ్డాడన్నది ముఖ్యమని చూపాడు. 1931-32లో ఉజ్బెకిస్థాన్‌లో ఆయన నిరక్షర రైతులతో మాట్లాడినప్పుడు, తాము స్వయంగా చూడని విషయం మీద తర్కానికి వారు నిరాకరించడం గమనించాడు. ఆ నిరాకరణకు మెదడులోని లోపం హేతువు కాదు. అనుభవాన్నే ప్రమాణంగా పెట్టుకున్న జీవితం దాని వెనుక ఉంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో శోభిని రావు, ఆమె సహచరులు 2004లో ప్రకటించిన నాడీమనోవైజ్ఞానిక పరీక్షామాల వయస్సుతోపాటు విద్యాస్థాయిని కూడా గణించి, నిరక్షరులకు, బడిచదువు ఉన్నవారికి, కళాశాలచదువు ఉన్నవారికి వేర్వేరు ప్రతిమానాలు ఇవ్వడం ఈ ఎరుకకు కొనసాగింపు.

5. పరీక్ష గదిలో జరిగేది:
ఉదయగిరి నుంచి నెల్లూరుకు సుమారు 100 కిలోమీటర్లు, ఆత్మకూరు నుంచి సుమారు 60 కిలోమీటర్లు. ధ్రువపత్రం కోసమైతే కుటుంబం సదరం శిబిరానికి వెళుతుంది. లోతైన పరీక్షకు నెల్లూరులోని వైద్యకళాశాల ఆసుపత్రులకో, సికింద్రాబాదు జాతీయసంస్థ ఆధ్వర్యంలో నెల్లూరులో నడిచే సమ్మిళిత ప్రాంతీయ కేంద్రానికో, తిరుపతికో, హైదరాబాదుకో, బెంగళూరుకో పోవాలి. తెల్లవారుజామున బస్సెక్కి, సరిగా తినక, వరుసలో నిలబడి అలసిన బిడ్డ ధ్యాసపరీక్షలో తడబడితే, ఆ తడబాటులో ప్రయాణపు వాటా ఎంత అన్నది కాగితం చెప్పదు.

ఈ పరీక్షలలో సూది ఉండదు, రక్తం తీయరు, కరెంటు పెట్టరు. ఉత్తీర్ణత, వైఫల్యం ఉండవు. మొదటి దశ ముఖాముఖి. కాన్పు ఎలా జరిగింది, బిడ్డ ఎప్పుడు నడిచింది, ఎప్పుడు మాటలు వచ్చాయి, ఫిట్స్ వచ్చాయా, తలకు దెబ్బ తగిలిందా, బడి ఎందుకు మానింది వంటి ప్రశ్నలు ఉంటాయి. చూపు, వినికిడి బాగున్నాయో లేదో ముందే తేల్చుకోవాలి. వినపడని బిడ్డను తెలివి లేని బిడ్డగా నిర్ధారించడం అతిసులభంగా జరిగే పొరపాటు.

రెండవ దశ అసలు పరీక్ష. చిన్నపిల్లలకు సెగువిన్ ఫారం బోర్డు ఉంటుంది. చెక్కపలకలోని 10 ఆకారాలను వాటి గుంటలలో అమర్చాలి. పెద్దపిల్లలకు రంగుదిమ్మెలతో నమూనా కట్టడం, అంకెలను విని తిరిగి చెప్పడం, బొమ్మలోని లోపం పట్టడం, పదాల అర్థం చెప్పడం ఉంటాయి. ప్రజ్ఞాపరీక్షకు సాధారణంగా ఒకటి రెండు గంటలు పడుతుంది. నాడీమనోవైజ్ఞానిక పరీక్షామాలకు అంతకంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది కనుక దాన్ని రెండు విడతలుగా చేయడం పరిపాటి. పక్షవాతం, తలగాయం, మూర్ఛ, మతిమరుపు ఉన్నవారిలో ధ్యాస, పని చేసే వేగం, కొత్తవిషయం నేర్చుకోవడం, కొంతసేపటికి గుర్తుచేసుకోవడం, పనిని యోచించి నడపడం వంటి శక్తులను విడివిడిగా చూస్తారు.

మూడవ దశలో తల్లిదండ్రులే సాక్షులు. మాలిన్ మలిచిన వైన్‌లాండ్ మాపనిలో 89 అంశాలు ఉన్నాయి. బిడ్డ తానే అన్నం తింటుందా, గుండీలు పెట్టుకుంటుందా, అంగడికి పోయి సరుకు తెస్తుందా అన్నవి అందులో చూసే పనులు. ఇక్కడ తల్లి జవాబు రెండు వైపులా జారవచ్చు. పరువు కోసం ఎక్కువ చెప్పవచ్చు. పింఛను ఆశతో తక్కువ చెప్పవచ్చు. ఆడపిల్లను ఒంటరిగా అంగడికి పంపని ఇంట్లో ‘అంగడికి పోదు’ అన్న జవాబుకు అర్థమే వేరు.

చివరిది నివేదిక. దానిలోని అంకెను మాత్రమే కాక, ఏ పరీక్ష వాడారో, ఏ భాషలో చేశారో, బిడ్డ సహకారం ఎలా ఉందో, తరువాత ఏమి చేయాలో అడిగి తెలుసుకొనే హక్కు కుటుంబానికి ఉంది.

6. తెలుగులో అడగడం, తెలుగులో కొలవడం:
ప్రశ్నను తెలుగులోకి అనువదించినంత మాత్రాన పరీక్ష తెలుగుది కాదు. అంకెల స్మృతి పరీక్ష దీనికి మంచి ఉదాహరణ. ఇంగ్లీషులో ఒకటి నుంచి తొమ్మిది వరకు ఉన్న అంకెలలో ఏడు తప్ప మిగిలినవన్నీ ఒక్క అచ్చు పలుకుతో ముగుస్తాయి. తెలుగులో ఒక్కటీ అలా లేదు. ‘నాలుగు’, ‘తొమ్మిది’ మూడేసి అక్షరాలవి. ‘ఎనిమిది’ నాలుగు అక్షరాలది. పలికేందుకు ఎక్కువసేపు పట్టే మాటలు తాత్కాలికస్మృతిలో తక్కువగా నిలుస్తాయని 1980లో ఎలిస్, హెనెలీ వెల్ష్ భాష మాట్లాడేవారి విషయంలో చూపారు. ఇంగ్లీషు ప్రతిమానాలతో తెలుగు అంకెలను పోల్చితే భాషాలక్షణం జ్ఞాపకలోపంగా కనిపించే ప్రమాదం ఉంది. అదేవిధంగా ఇంగ్లీషు అక్షరమాల క్రమం మీద ఆధారపడిన గీతల పరీక్ష, అది రానివారికి వర్తించదు. నిమ్‌హాన్స్ మాల ఆ స్థానంలో రంగుల ఆధారంగా నడిచే పరీక్షను చేర్చింది.

వృద్ధుల పరీక్షలో ఈ చిక్కు మరింత స్పష్టం. ‘ఈరోజు తేదీ ఎంత?’ అన్న ప్రశ్నకు మెట్టరైతు ఇంగ్లీషు తేదీ చెప్పలేకపోవచ్చు. కార్తె ఏదో, పౌర్ణమి ఎన్నాళ్ళుందో తడుముకోకుండా చెప్పగలడు. ‘ఇప్పుడు మనం ఏ ఊళ్ళో ఉన్నాం?’ అని కుర్రవైద్యుడు అడిగితే, అడిగేవాడికి జవాబు తెలిసినప్పుడు తనను ఎందుకు అడుగుతున్నాడని పెద్దాయన మౌనం వహించవచ్చు. మర్యాద తెలిసిన పరీక్షకుడు ‘పెద్దాయనా, ఇది అందరినీ అడిగే ప్రశ్నే’ అని ముందుగా చెప్పి మొదలుపెడతాడు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం 1990లలో హిందీ మానసికస్థితి పరీక్షను రూపొందించినవారు నిరక్షరులను దృష్టిలో పెట్టుకొనే ప్రశ్నలను మార్చారు.

తెలుగులో ఈ కృషికి హైదరాబాదు నిమ్స్ కేంద్రమైంది. సువర్ణ అల్లాడి బృందం అడెన్‌బ్రూక్స్ పరీక్షను తెలుగుకు అనుకూలంగా మలిచింది. 2013లో ఆ బృందం ప్రకటించిన అధ్యయనంలో 648 మంది డిమెన్షియా రోగులలో 391 మంది ఒకటికి మించిన భాషలు మాట్లాడేవారు. ఏకభాషీయులకన్నా వారిలో వ్యాధి సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైంది. చదువు లేనివారిలోనూ ఈ తేడా కనిపించడం గమనార్హం. ఇంట ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే కుటుంబాలున్న ఉదయగిరి వంటి పట్టణానికి ఈ ఫలితం ప్రత్యేకించి వర్తిస్తుంది. తరువాత భారత వైద్యపరిశోధన మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలలో ఒక ఉమ్మడి పరీక్షామాలను సిద్ధం చేయించింది. ఈ కృషి ప్రధానంగా పెద్దల మతిమరుపు చుట్టూ సాగింది. పల్లెపిల్లల ప్రజ్ఞాపరీక్ష విషయంలో ఇటువంటి శ్రద్ధ ఇంకా అవసరం.

పరీక్షాసామగ్రి కూడా తటస్థమైనది కాదు. 1979లో రాబర్ట్ సెర్పెల్ ఇంగ్లండు, జాంబియా పిల్లలను పోల్చినప్పుడు కాగితం మీద గీయడంలో ఇంగ్లీషు పిల్లలు, తీగతో బొమ్మలు చేయడంలో జాంబియా పిల్లలు ముందున్నారు. మట్టితో చేసేటప్పుడు తేడా లేదు. చెక్కతో గరిటెలు, చెంచాలు మలిచే ఉదయగిరి పనివారి ఇళ్ళలో పెరిగిన బిడ్డకు చెక్క పరిచితం, పెన్సిలు అపరిచితం కావచ్చు. ఆ బిడ్డ ఆకారజ్ఞానాన్ని దేనితో కొలవాలన్నది పరీక్షకుడు వేసుకోవలసిన ప్రశ్న.

7. ఫ్లోరైడు, ప్రజ్ఞ: అంకె చెప్పగలిగినది:
1990ల నుంచి చైనా పరిశోధకులు ఫ్లోరైడు అధికంగా ఉన్న ఊళ్ళలోని పిల్లల ప్రజ్ఞాలబ్ధి తక్కువగా ఉందని ప్రకటిస్తూ వచ్చారు. 2012లో చోయ్, గ్రాంజాన్ తదితరులు 27 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. వాటిలో రెండు ఇరాన్‌వి, తక్కినవి చైనావి. ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న చోట సగటు తగ్గుదల ప్రామాణిక విచలనంలో 0.45గా తేలింది. గుజరాత్, కర్ణాటక, మధ్యప్రదేశ్‌లలో కూడా ఈ కోవ అధ్యయనాలు జరిగాయి. 2024 ఆగస్టులో అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం, లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడుకు, పిల్లల ప్రజ్ఞాలబ్ధి తగ్గుదలకు సంబంధం ఉందని మధ్యస్థ విశ్వాసంతో పేర్కొన్నది. అంతకు తక్కువ స్థాయిల విషయంలో తీర్పు చెప్పడానికి ఆధారాలు చాలవని కూడా చెప్పింది.

పశ్చిమ నెల్లూరుకు ఈ ఫలితాలను అన్వయించేటప్పుడు మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది, ఫ్లోరైడు ఉన్న ఊరు తరచుగా నీటి ఎద్దడి, పేదరికం, వలస, అరకొర చదువు ఉన్న ఊరు కూడా. వీటిలో ప్రతి ఒక్కటీ పరీక్షాంకెను కిందికి లాగగలదు. ఈ కారణాలను విడదీయని అధ్యయనం నీటి మీద మోపే నేరంలో కొంత పేదరికానిది కావచ్చు. రెండవది, ఎముకల ఫ్లోరోసిస్ వల్ల మెడ, మోచేయి బిగిసినవారు సమయం లెక్కించే దిమ్మెల పరీక్షలో నెమ్మదిస్తారు. అక్కడ నెమ్మదించినది కీలు. నివేదిక దాన్ని ప్రజ్ఞగా చదివితే ఒకే వ్యాధి మనిషిని రెండుసార్లు శిక్షించినట్టవుతుంది. మూడవది, సమూహపు సగటును వ్యక్తికి అన్వయించరాదు. రెండు ఊళ్ళ సగటుల మధ్య తేడా ఉన్నా ఆ ఊళ్ళలోని పిల్లల శక్తిసామర్థ్యాలు చాలావరకు ఒకదానిమీద ఒకటి పరచుకొనే ఉంటాయి. ‘ఆ నీళ్ళు తాగిన పిల్లలు అంతే’ అన్న మాట శాస్త్రం పేరుతో బడిలోకి, పెళ్ళిసంబంధాలలోకి ప్రవేశిస్తే, నీటిలోని విషాన్ని మించిన హాని చేయగలదు.

సంబంధం లేదని కొట్టిపారేయడం కూడా ఇంతే ప్రమాదకరం. సురక్షితమైన నీరు పొందే హక్కు ప్రజ్ఞాపరీక్ష ఫలితం కోసం ఆగనవసరం లేదు. పంటిమీది మచ్చ, వంగిన నడుము 1937 నుంచి ఆ హక్కుకు తగినంత సాక్ష్యం ఇస్తూనే ఉన్నాయి.

8. అరవైతొమ్మిదికీ డెబ్బైకీ మధ్య:
2018 జనవరి 4న కేంద్రప్రభుత్వం ప్రకటించిన వైకల్య నిర్ధారణ మార్గదర్శకాలలో వైన్‌లాండ్ మాపనిలోని స్కోరును శాతాలుగా మార్చే పట్టిక ఉండేది. దాని ప్రకారం 70 నుంచి 84 వరకు 25 శాతం, 55 నుంచి 69 వరకు 50 శాతం, 36 నుంచి 54 వరకు 75 శాతం వైకల్యంగా లెక్కించేవారు. చట్టప్రయోజనాలలో అధికభాగానికి 40 శాతం హద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. అంటే ఆ పట్టిక ప్రకారం 69 వచ్చిన బిడ్డ హద్దుకు ఇటు, 70 వచ్చిన బిడ్డ అటు.

ఏ మనోవైజ్ఞానిక పరీక్షా ఒక్క పాయింటు తేడాను నిశ్చయంగా పట్టలేదు. ప్రామాణిక విచలనం 15, విశ్వసనీయత 0.95 ఉన్న అత్యుత్తమ పరీక్షలోనూ కొలతదోషం సుమారు 3.4 పాయింట్లు ఉంటుంది. 68 వచ్చిన వ్యక్తి అసలు స్థాయి సుమారు 61కీ 75కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చునని గణాంకశాస్త్రం చెబుతుంది. ప్రతిమానాలు వేరే జనసమూహానివైతే ఈ అనిశ్చితి ఇంకా పెరుగుతుంది. శాస్త్రం ఒక పరిధిని ఇస్తుంటే పాలనావ్యవస్థ ఒక బిందువును కోరుతుంది. ఈ వైరుధ్యపు భారం చివరికి మెట్టప్రాంతపు కుటుంబం మీద పడుతున్నది. బినే సహాయం కోసం రూపొందించిన సాధనం, సహాయానికి అర్హతను నిరాకరించే సాధనంగా కూడా మారగలదని ఈ ఒక్క పాయింటు చూపుతున్నది.

9. ముగింపు:
పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

1. పశ్చిమ నెల్లూరులో మానసికస్థితి నమోదు జనాభా గణకుని చూపుతో మొదలై, చట్టాలు వర్గాలను విడదీసిన కొద్దీ ప్రామాణిక పరీక్షల మీద ఆధారపడింది.

2. నీటికి, ఎముకకు సార్వత్రిక ప్రమాణాలు ఉన్నాయి. ప్రజ్ఞకు ఉన్న ప్రమాణం ఏ జనసమూహం నుంచి సేకరించారో దానికే పూర్తిగా చెల్లుతుంది.

3. పరీక్ష విలువ దాని నిర్వహణలో ఉంది. మాతృభాష, వినికిడి, చూపు, అలసట, కీళ్ళ కదలిక, సామగ్రితో పరిచయం అనే అంశాలను నమోదు చేయని నివేదిక అసంపూర్ణం.

4. ఫ్లోరైడు-ప్రజ్ఞ సంబంధంపై వచ్చిన సాక్ష్యం సమూహస్థాయిది. దానిని నీటిసరఫరా విధానానికి ఆధారం చేసుకోవచ్చు. ఒక బిడ్డ మీద ముద్ర వేయడానికి ఉపయోగించరాదు.

5. హద్దుకు సమీపంలో ఉన్న అంకెల విషయంలో కొలతదోషాన్ని గుర్తించి పునఃపరీక్షకు అవకాశం కల్పించడం శాస్త్రసమ్మతం, న్యాయసమ్మతం.

తిరుపతి, నెల్లూరు విశ్వవిద్యాలయాలలోని మనోవిజ్ఞాన, తెలుగు, భాషాశాస్త్ర విభాగాలు కలిసి మెట్టప్రాంతపు పలుకుబడిలో, అక్కడి పిల్లల నుంచే ప్రతిమానాలను సేకరించడం ఈ చరిత్రలో తరువాతి అడుగు కావాలి. 1937లో నెల్లూరు నీటిని పరీక్షించినవారు ఆ ఊళ్ళ బావుల దగ్గరికే వెళ్ళవలసి వచ్చింది. ప్రజ్ఞను పరీక్షించేవారికీ వేరే దారి లేదు.